పెరేడ్ పన్నెండింటికి, అన్నం ఎన్నింటికి?

ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే నాకొచ్చే ప్రశ్నలన్నీ ఒకే దారి పడతాయి, వీసా, సామాను బరువు, డాలర్ రేటు. ఈసారి మాత్రం విచిత్రంగా అందరికీ ఒకటే బెంగ, థీమ్ పార్కులో పెరేడ్ ఉన్నరోజు అన్నం ఎప్పుడు తినాలి, టేబుల్ ఎన్నింటికి బుక్ చేయాలి అని. మొదట నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే నవ్వే విషయం కాదు. పదిహేనేళ్లు నారాయణగూడలో కూర్చుని జనాలకి టికెట్లు, హోటళ్లు బుక్ చేసినదాన్ని, ట్రిప్ నుంచి తిరిగొచ్చి నా టేబుల్ ముందు కూర్చుని చెప్పిన గొడవల్లో సగం ఆకలి మీద జరిగినవే. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది కొండాపూర్. జులైలో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, 18వ తారీఖు ఓర్లాండోలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి పోతాం, ఒక్కటే రోజు. మేమిద్దరం, మా వియ్యంకుడుగారు, వదినగారు, కొడుకు, కోడలు, 4 ఏళ్ల మనవరాలు, మొత్తం 7 మందిమి. పగటిపూట పెరేడ్ 12కి ఒకటి, 3కి ఒకటి ఉంటుందంట. మా వాడేమో 1:30కి రెస్టారెంట్లో తినేసి 3 గంటల పెరేడ్ చూద్దాం అంటాడు. కోడలేమో సరిగ్గా 3కే టేబుల్ తీసుకుందాం, ఏసీలో కూర్చుని కిటికీలోంచి చూడొచ్చు అంటుంది. వియ్యంకుడుగారికి షుగర్, 12:30 దాటితే ఆగలేరు, పైగా వాళ్లిద్దరూ శాకాహారులు. నేను ఎవరి మాటకి ఓటేసినా రెండోవాళ్లకి కోపం. మీరే చెప్పండి.

జవాబు: చూడండమ్మా, ఇద్దరూ చెరిసగం కరెక్టే అని చెప్పేయండి, ఇంట్లో శాంతి కోసం కాదు, నిజంగానే.

ముందు పెరేడ్ సంగతి. దాన్ని మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలా అనుకోండి, 12ది మార్నింగ్ షో, 3ది మ్యాట్నీ. మనవాళ్లకి తీరిగ్గా తిని మ్యాట్నీకి పోవడం అలవాటు, మీ అబ్బాయి లెక్క అదే. కానీ జులైలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు పట్టి, ఉరుములు మెరుపులతో ఒక గంట కొట్టి పోవడం మామూలు విషయం, మెరుపులుంటే పెరేడ్ ఆపేస్తారు, లేదా వాయిదా వేస్తారు, లేదంటే రెయినీ డే కావల్‌కేడ్ అని చిన్న బండి మీద నాలుగు బొమ్మలు చేతులూపుతూ పోతాయి, అంతే. మార్నింగ్ షో వానకి పోయిందనుకోండి, మ్యాట్నీ చేతిలో ఉంటుంది. మ్యాట్నీయే పోతే? ఇంకో సంగతి కూడా, ఎండాకాలంలో అక్కడ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు కాబట్టి సూర్యుడు నడినెత్తికి రావడమే దాదాపు 1:30కి, అంటే 3 గంటల పెరేడ్ కోసం 2:15 నుంచి రోడ్డు పక్కన కూర్చోవడం అంటే నడిఎండలో కూర్చోవడమే. వియ్యంకుడుగారిని అలా కూర్చోబెట్టకండి. కాబట్టి మార్నింగ్ షోనే. టైములు మాత్రం రోజూ ఒకటే ఉండవు, వెళ్లే ముందురోజు పార్క్ యాప్‌లో ఇంకోసారి చూసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. అందరూ గడియారం చూస్తారు, దారి చూడరు. మన ఊళ్లో నిమజ్జనం రోజు తెలుసు కదా, బాలాపూర్ గణేశుడు పొద్దున్న లడ్డూ వేలం అవ్వగానే బయల్దేరతాడు (1994లో 450 రూపాయలకి పాడిన లడ్డూ అది, ఇప్పుడు లక్షలు), చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, ఎంజే మార్కెట్, అబిడ్స్, లిబర్టీ మీదుగా ట్యాంక్‌బండ్‌కి వచ్చేసరికి సాయంత్రం. చాంద్రాయణగుట్టవాళ్లు చూసేసి ఇంటికెళ్లి అన్నం తిని ఒక కునుకు కూడా తీస్తారు, ట్యాంక్‌బండ్ మీదవాళ్లు ఇంకా మెడలు సాచి చూస్తుంటారు. ఆరోజు అబిడ్స్‌లో రోడ్డుకి ఈ పక్క ఉండి ఆ పక్క హోటల్లో టిఫిన్ చేద్దాం అనుకునే హైదరాబాదీ ఎవడైనా ఉంటాడా?

మ్యాజిక్ కింగ్‌డమ్ పెరేడ్ కూడా అంతే, సైజు చిన్నది. ఫెస్టివల్ ఆఫ్ ఫాంటసీ అని 2014 నుంచి నడుపుతున్నారు. పార్కులో ఫ్రాంటియర్‌ల్యాండ్ అనే భాగంలో మొదలై, లిబర్టీ స్క్వేర్ మీదుగా (అవును, అక్కడా ఒక లిబర్టీ ఉంది, ఆ మాట వినగానే నాకు మన సిగ్నలే గుర్తొస్తుంది) వంతెన దాటి, కోట ముందున్న గుండ్రటి హబ్ చుట్టూ తిరిగి, మెయిన్ స్ట్రీట్‌లోంచి గేటు దగ్గరి టౌన్ స్క్వేర్‌కి వస్తుంది. ఒక చోట నిలబడితే మీ ముందునుంచి మొత్తం పోవడానికి ఇంచుమించు 12 నిమిషాలు. కానీ మొదలుపెట్టిన చోటి నుంచి మెయిన్ స్ట్రీట్‌కి మొదటి బండి రావడానికే ఇంకో పావుగంట ఇరవై నిమిషాలు పడుతుంది. జనమంతా మెయిన్ స్ట్రీట్‌లోనే నిలబడతారు, ఫోటోలో కోట పడుతుందని. మీరు చాంద్రాయణగుట్టలో నిలబడండి, అంటే ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో. 12:15 కల్లా మీకు పెరేడ్ అయిపోతుంది, మెయిన్ స్ట్రీట్ వాళ్లకి అప్పుడప్పుడే మొదలవుతుంటుంది. వాళ్లంతా అయిపోయి ఒక్కసారి అన్నానికి లేచేసరికి మీరు తినడం సగంలో ఉంటారు.

పెరేడ్‌కి ముందు రోడ్డు పక్కన తాడు కట్టి ఇటువాళ్లని అటు దాటనివ్వరు, ఆ తాడు దగ్గర దెబ్బ ఎలా తగులుతుందో నాకు బాగా తెలుసు, నేనూ తిన్నా. ఒక పార్కులో, పేరెందుకులెండి, మా చెల్లెలి పిల్లలతో వెళ్లినప్పుడు 2:50కి టేబుల్, పెరేడ్ 3కి, పది నిమిషాల ముందే కదా అని ధీమాగా ఒక చేతిలో ఐస్‌క్రీమ్ ఒక చేతిలో బొమ్మల సంచి పట్టుకుని తాపీగా నడుచుకుంటూ వచ్చా. అప్పటికే తాడు కట్టేశారు. అవతల మా రెస్టారెంట్ బోర్డు కనిపిస్తోంది, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి చేతిలో మెనూలు కూడా కనిపిస్తున్నాయి, మా తార్నాక ఇంటి గేటు నుంచి వీధి మొగ వరకు ఉండే దూరమైనా లేదు. తాడు దగ్గరున్న కుర్రాడు నవ్వుతూనే రెండు వేళ్లు కలిపి అటు చూపించాడు, అంటే చుట్టూ తిరిగి రమ్మని. చుట్టూ తిరగడం అంటే పార్కు సగం. చెల్లెలి చిన్నకొడుకు ఆకలి ఆకలి అని తాడు పట్టుకుని ఊగుతున్నాడు, ఐస్‌క్రీమ్ నా మోచేతి దాకా కారింది. పెరేడ్ చూశామా అంటే చూశాం, ఏం చూశామో నాకు గుర్తులేదు. పోయి అడిగితే టేబుల్ ఇంకొకరికి ఇచ్చేశారు, తప్పు వాళ్లది కాదు, నాదే.

సరే, మీ రోజుకి వద్దాం. పొద్దున్న పార్కులోకి అడుగుపెట్టగానే ఫ్రాంటియర్‌ల్యాండ్‌లోని పెకోస్ బిల్ అనే రెస్టారెంట్‌కి పార్క్ యాప్‌లోనే మొబైల్ ఆర్డర్ పెట్టేయండి, 12:15 తర్వాతి స్లాట్ తీసుకోండి. అక్కడ మెక్సికన్ రకం వంటలు, అన్నం, బీన్స్ అలాంటివి, మన నాలుకకి అమెరికా శాండ్‌విచ్‌ల కన్నా దగ్గరగా ఉంటాయి. డిస్నీ మెనూల్లో చిన్న ఆకు గుర్తు వేసి ఉంటే అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవని అర్థం, వియ్యాలవారికి అది వెతుక్కుంటే చాలు, ప్రతిదానికీ కౌంటర్ దగ్గర నిలబడి ఎగ్ ఉందా ఎగ్ ఉందా అని అడిగే బాధ తప్పుతుంది. తినడానికి కూర్చునే చోటికి దగ్గరగా, రోడ్డుకి అదే పక్కన, 11:25 కల్లా పెరేడ్‌కి నిలబడండి. అదే పక్కన అని ఎందుకంటున్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. ఆఖరి బండి పోగానే వెనక జనం దాని వెంట హబ్ వైపు నడుస్తారు, మీరు వెనక్కి తిరిగి లోపలికి వెళ్లి యాప్‌లో వచ్చాం అని నొక్కితే చాలు. వియ్యంకుడుగారికి మాత్రం 11 గంటలకే బెంచీ మీద నాలుగు ముద్దల పులిహోర పెట్టించండి, సంచిలో ఇంకో చపాతీ ఉంచండి, ఆయన టైం పెరేడ్‌ని బట్టి కాదు, మందుల్ని బట్టి.

మరి కోడలి 3 గంటల టేబుల్? అది తీసుకోండి, కానీ కిటికీ కోసం కాదు. కిటికీ పక్క టేబులే ఇస్తారని ఎవరూ మాటివ్వరు, ఇచ్చినా బయట వరసలుగా నిలబడ్డవాళ్ల వీపులు, వాళ్ల భుజాల మీద పిల్లల కాళ్లు కనిపిస్తాయి. ఆ టేబుల్ ఏసీ కోసం, వాన కోసం, మీ మోకాళ్ల కోసం. ఆ టైంలో మధ్యాహ్న భోజనాల రద్దీ తగ్గుతుంది, రాత్రి భోజనాలు ఇంకా మొదలుకావు, 7 మందికి టేబుల్ దొరకాలంటే అదే మంచి సందు. మెయిన్ స్ట్రీట్ చివర ప్లాజా రెస్టారెంట్ ఉంది, విడివిడిగా ఆర్డర్ చేసుకోవచ్చు, పెద్ద పెద్ద ఐస్‌క్రీమ్ గ్లాసులు వస్తాయి, మనవరాలికి పండగ. కడుపులు అప్పటికే నిండి ఉంటాయి కాబట్టి తలకింత అని ఫిక్స్‌డ్ రేటు తీసుకునే చోట్లకి వెళ్లొద్దు, ముఖ్యంగా లిబర్టీ ట్రీ టావెర్న్ లాంటివి, అక్కడ టర్కీ కోడి, బీఫ్ రోస్టు ఎంత కావాలంటే అంత వడ్డిస్తారు, మాంసం తినేవాళ్లకి బ్రహ్మాండం, మీ వియ్యాలవారు ఆ మాంసం ముట్టకుండా అదే రేటు కట్టాలి, నాకైతే మనసొప్పదు. టేబుల్ 2:40కి తీసుకుని 2:30కే తలుపు దగ్గర ఉండండి, తాడు కట్టకముందే. లోపల ఒక గంట కూర్చుని బయటికొచ్చేసరికి మ్యాట్నీ జనం కూడా వెళ్లిపోయి ఉంటారు.

ఇంకో ముక్క, ఇదయ్యాక మర్నాడు సాయంత్రం ఖాళీ ఉంటే వియ్యాలవారిని డిస్నీ వాళ్ల హోటల్ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే రెస్టారెంట్‌కి తీసుకెళ్లండి. ఆఫ్రికా, ఇండియా రుచులు కలిపి వండుతారు, నాన్ లాంటి రొట్టెలు, వాటికి తొమ్మిది రకాల చట్నీలు, నంజుళ్లు వస్తాయి, బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. పెరేడ్ రోజే దీన్ని ఇరికించకండి, అది మ్యాజిక్ కింగ్‌డమ్ లోపల లేదు, బస్సెక్కి పోవాలి.

ప్రశ్న: హాయ్ అండీ, మియాపూర్ నుంచి. డిస్నీ వరల్డ్ టేబుల్ బుకింగ్ ఇక్కడి నుంచి చేద్దామని అర్ధరాత్రి 12కి అలారం పెట్టుకుని లేచి చూశా, ఏమీ ఓపెన్ కాలేదు, మళ్లీ సాయంత్రం చూస్తే మంచి టైములన్నీ పోయాయి. అసలు ఎప్పుడు ఓపెన్ అవుతుంది?

జవాబు: నిద్ర అనవసరంగా పాడుచేసుకున్నారు, ఇది మనకి ఆఫీసు టైంలోనే అయ్యే పని. అక్కడ 60 రోజుల ముందు, వాళ్ల తూర్పు అమెరికా టైం పొద్దున్న 6 గంటలకి ఓపెన్ చేస్తారు. రెండు నెలలు అని కాదు, 60 రోజులు అని లెక్కపెట్టుకోవాలి. పైన కొండాపూర్ అమ్మగారి జులై 18కి మే 19 అవుతుంది. వాళ్ల 6 అంటే ఎండాకాలంలో మనకి మధ్యాహ్నం 3:30, చలికాలంలో 4:30, గడియారం వెనక్కి జరిపేది నవంబర్ మొదటి ఆదివారం, ముందుకి జరిపేది మార్చి రెండో ఆదివారం. ఇక్కడ చాలామంది పొరపడేది ఏంటంటే, మీరు వెళ్లే రోజు కాదు, బుక్ చేసే రోజు ఏ కాలమో చూడాలి. సంక్రాంతి జనవరి 14కి వెళ్తుంటే బుకింగ్ నవంబర్ 15, అప్పటికి గడియారం మారిపోయి ఉంటుంది, 4:30కి కూర్చోండి.

డిస్నీ వాళ్ల హోటల్లోనే దిగేవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది, చెకిన్ రోజుకి 60 రోజుల ముందు కూర్చుంటే ఒకేసారి 10 రోజుల వరకు భోజనాలు బుక్ చేసుకోవచ్చు, అంటే మీరు మీ రోజు కోసం వచ్చేసరికి వాళ్లు ముందే పట్టేసి ఉంటారు. అందుకే బయట దిగేవాళ్లకి ఫేమస్ చోట్లు కష్టం. 7 మందికి ఒకే టేబుల్ దొరకట్లేదంటే 4, 3 కింద రెండు టేబుళ్లు ఒకే టైంకి ట్రై చేయండి, పక్కపక్కన వేయకపోయినా ప్రాణం పోదు, అత్తాకోడళ్లు ఒక గంట వేరే టేబుల్ మీద తింటే మంచిదే కూడా.

కార్డు ముందు సర్దుకోండి. మన బ్యాంకు కార్డుల్లో విదేశాల్లో వాడే సదుపాయం మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి, అది 3:29కి గుర్తొస్తే అయిపోయినట్టే. టేబుల్ పెట్టి రాకపోతే, క్యాన్సిల్ చేయకపోతే చాలా చోట్ల మనిషికి 10 డాలర్లు పట్టుకుంటారు, 7 మందికి 70, మన డబ్బుల్లో ఆరు వేలు దాటిపోతుంది. కానీ రెండు గంటల ముందు వరకు క్యాన్సిల్ చేసుకోవచ్చు కాబట్టి దొరికింది దొరికినట్టు పట్టుకుని తర్వాత మార్చుకోవచ్చు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, మీలాంటివాళ్లు అందరూ ముందురోజు రాత్రి, ఆరోజు పొద్దున్న వదిలేస్తుంటారు, ఆ టైంలో యాప్ తెరిచి చూస్తూ ఉంటే 60 రోజుల ముందు లేని టేబుల్ ఠక్కున కనిపిస్తుంది. మా కస్టమర్లకి ఎక్కువసార్లు అలాగే దొరికింది.

టోక్యో డిస్నీకి వెళ్లేవాళ్లు కూడా ఇద్దరు అడిగారు, దాంట్లోనే కలిపి చెప్పేస్తా. అక్కడ టేబుల్ బుకింగ్‌ని ప్రయారిటీ సీటింగ్ అంటారు, నెల ముందు వాళ్ల పొద్దున్న 10కి, అంటే మనకి 6:30కి, టీ కప్పు పట్టుకుని కూర్చోండి.

ప్రశ్న: ఆదాబ్ ఆపా. టోలీచౌకీ నుంచి రాస్తున్నా. పిల్లలతో హాంకాంగ్ డిస్నీల్యాండ్ వెళ్తున్నాం, మాకు హలాల్ ఉండాలి. పెరేడ్ రోజు భోజనం ఎలా ప్లాన్ చేయాలి?

జవాబు: హలాల్ కోసం ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అనే రెస్టారెంట్ చూడండి, పార్కులో మిస్టిక్ పాయింట్ అనే భాగంలో ఉంటుంది. ఆ పార్కు ఓర్లాండోతో పోలిస్తే చిన్నదే, 2005లో మొదలైంది, 20 ఏళ్లయిందని 2025 జూన్‌లో కొత్త పెరేడ్ కూడా పెట్టారు. చిన్నదే అయినా మిస్టిక్ పాయింట్ లోపలికి ఉంటుంది, పెరేడ్ చూసే మెయిన్ స్ట్రీట్ గేటు దగ్గర ఉంటుంది, చిన్నపిల్లలతో ఆ నడకకి ఒక పావుగంట వేసుకోండి, మధ్యలో పిల్లలకి బొమ్మల షాపు కనిపించకపోతే.

కానీ మీ అసలు సమస్య హలాల్ కాదమ్మా, గడియారం. హాంకాంగ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం 1 అయితే మీ పిల్లల కడుపులో ఇంకా 10:30, అప్పుడు రెస్టారెంట్లో కూర్చోబెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోతారు. అసలు ఆకలి అక్కడి 3, 3:30కి మొదలవుతుంది, సరిగ్గా మీరు తాడు దగ్గర కూర్చుని పెరేడ్ కోసం చూస్తున్నప్పుడు. మొదటి రెండు రోజులు ఇంతే. అందుకని పెరేడ్‌కి గంటన్నర ముందు, అంటే వాళ్ల లెక్కలో లేటుగానే, లంచ్ పెట్టుకోండి, జనం కూడా పలచబడి ఉంటారు, తిని మెల్లగా నడుచుకుంటూ మెయిన్ స్ట్రీట్ వైపు రండి. చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంచుకోండి, పిల్లలకి అంటున్నా గానీ పెద్దవాళ్లే ఖాళీ చేస్తారు. రాత్రి కోట మీద లైట్ల షో కూడా చూడాలనుకుంటే, మీరు తినే చోటు ఎన్నింటికి మూస్తారో పొద్దున్నే అడిగి పెట్టుకోండి, షో అయ్యాక తిందాంలే అనుకుంటే లైట్లన్నీ ఆర్పేసి ఉండొచ్చు.

ప్రశ్న: మలక్‌పేట్ నుంచి. ఇంత గోల ఎందుకండీ? పెరేడ్ మానేసి ప్రశాంతంగా తింటే పోలా?

జవాబు: పోతుంది. నిజం చెప్పాలంటే పెరేడ్ నడిచే అరగంటే పార్కులో బంగారం లాంటి టైం, జనమంతా రోడ్డు పక్కన ఉంటారు కాబట్టి దారికి దూరంగా ఉన్న రైడ్ల దగ్గర లైన్లు కొంచెం తగ్గుతాయి. చిన్నపిల్లలు లేని బ్యాచ్ అయితే నేను పెరేడ్ టైంకి తినమని కూడా చెప్పను, రైడ్లు ఎక్కమంటా. ఒక్కటే షరతు, మీరు ఎక్కాల్సిన రైడ్ ఉన్న పక్కకి తాడు కట్టకముందే చేరిపోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే టుమారోల్యాండ్ వైపు వెళ్లిపోండి, ఈ పెరేడ్ అటు పోదు. కానీ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంటే ఈ సలహా చింపేయండి, ఆ పెరేడ్‌లో ముళ్లకంపలా చుట్టుకున్న పెద్ద డ్రాగన్ వస్తుంది, నోట్లోంచి నిజం మంట వదులుతుంది. 2018లో ఒకసారి ఆ మంటకి దాని తలకే అంటుకుంది, ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. మా చెల్లెలి కొడుక్కి ఈ వీడియో చూపిస్తే దసరా రావణుడి కన్నా బావుందన్నాడు.

ప్రశ్న: మేడమ్, వనస్థలిపురం నుంచి. విదేశాలు మాకెందుకు, రామోజీ ఫిల్మ్ సిటీలో వింటర్ సీజన్‌లో సాయంత్రం కార్నివాల్ పెరేడ్ ఉంటుంది కదా, దానికి తిండి ప్లాన్ చెప్పండి, ఇంటికొచ్చి తింటే సరిపోతుందా?

జవాబు: వనస్థలిపురం నుంచి మీకు హయత్‌నగర్ దాటితే అదే కదా, ఇంటికొచ్చి తిందాం అనిపించడం సహజం. కానీ ఆ లెక్కలో బస్సు మర్చిపోతున్నారు. లోపలి నుంచి గేటు దాకా వాళ్ల బస్సుల్లోనే రావాలి, పెరేడ్ అవ్వగానే పార్కులో ఉన్న జనమంతా ఒకేసారి ఆ బస్సుల దగ్గరికే పోతారు. ఆకలితో, నిద్రపోతున్న పిల్లాడిని భుజానేసుకుని ఆ క్యూలో నిలబడే బదులు, పెరేడ్‌కి ముందు 5 గంటలప్పుడు మిర్చీ బజ్జీయో సమోసాయో ఏదో ఒకటి వేసేయండి, పెరేడ్ అయ్యాక లోపలే కూర్చుని తీరిగ్గా తిని క్యూ తగ్గాక రండి. లోపల తినే చోట్లు ఆరోజు ఎంతసేపు తెరిచి ఉంచుతారో టికెట్ తీసుకున్నప్పుడే అడగండి, సీజన్‌ని బట్టి, ప్యాకేజీని బట్టి మారుతుంటుంది. 1,666 ఎకరాల చోటు అది, పొద్దున్నుంచి తిరిగితే కాళ్లు ఎలాగూ లాగుతాయి, ఆ అరగంట కూర్చోవడం మీకే మంచిది. స్వెటర్ మర్చిపోకండి, ఊరి బయట డిసెంబర్ చలి కొంచెం గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: అక్కా, అంబర్‌పేట్ నుంచి. ఓర్లాండో పార్కులోకి మన తిండి తీసుకెళ్లనిస్తారా? మా అమ్మ ఆవకాయ సీసా లేకుండా గడప దాటదు.

జవాబు: తిండి తీసుకెళ్లనిస్తారు, డిస్నీ వరల్డ్‌లో ఇది చాలామందికి తెలీదు, సినిమా హాల్లో మన సంచులు వెతికి పాప్‌కార్న్ కొనిపించే అలవాటుకి మనమే భయపడిపోతాం. పులిహోర, చపాతీలు, చేగోడీలు నిక్షేపంగా తీసుకెళ్లండి. పెరుగన్నం మాత్రం జులై ఎండకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది, ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న బ్యాగులో అయితే ఓకే, విడి ఐస్ ముక్కలు మాత్రం రానివ్వరు. నీళ్లకి డబ్బులు పెట్టకండి, కౌంటర్ రెస్టారెంట్లలో అడిగితే కప్పులో ఐస్ నీళ్లు ఊరికే ఇస్తారు.

సీసా మాత్రం కుదరదు, గాజువి ఏవీ బ్యాగ్ చెకింగ్ దాటవు, పసిపిల్లల ఫుడ్ చిన్న సీసాలు తప్ప. అమ్మగారికి ఇక్కడే చెప్పి ఒప్పించండి, అక్కడ గేటు దగ్గర, వెనక యాభై మంది నిలబడి ఉండగా కాదు. రెండ్రోజులకి సరిపడా ముక్కలు, ఊట కొంచెం పిండేసి, స్టీల్ డబ్బాలో వద్దు, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకి కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, నూనె కారితే ఆ పసుపు మరక పాప యువరాణి గౌను మీద నుంచి ఇక పోదు. పెరేడ్ కోసం కూర్చున్నప్పుడు మూత తీయకపోతే మంచిది, వాసన ముందు వరస దాకా పోతుంది, అందులో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి మీది ఏ ఊరండీ అని అడుగుతారు, ఇక ముక్కలు మిగలవు.